కరువు కట్టిన కోవెల

కర్నూలునుంచి మెదకు చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. హైదరాబాదులో బస్సు మారి, యింకా వంద కిలోమీటర్లు పోవాలి. "యీ యెండలో చర్చి చూడ్డానికి అంత దూరమా?" అని మా ఆవిడ బయలుదేరేటప్పుడే అన్నది. కాని పట్టుబట్టింది నేను కాదు, మా నాయన. ఎనభై దాటిన మనిషి. ఆ చర్చి కరువు పనిగా కట్టారని యెవరో చెప్పగా విన్నాడు, అంతే, చూడాలన్నాడు.

వూరు యింకా దూరాన వుండగానే గోపురం కనిపించింది. 175 అడుగుల యెత్తు. తన చార్మినారును మించి కడుతున్నారని నిజాము అడ్డుచెప్పారనే కథ అక్కడ నేటికీ చెప్పుకుంటారు.

కట్టించినవారు చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు పాదిరి. 1895లో సికిందరాబాదుకు వచ్చి, తర్వాత మెదకు చేరారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో జనం తిండికి అలమటిస్తుంటే, వూరకే అన్నం పెట్టక పని చూపించి పెట్టారు. 1914లో మొదలైన పని 1924 డిసెంబరు 25న ప్రారంభోత్సవంతో ముగిసింది. నక్షా గీసినవారు థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్. 1947లో దక్షిణ ఇండియా సంఘం యేర్పడిన తర్వాత యిది బిషప్పు పీఠం అయింది. కెథెడ్రల్ అంటే అదే మరి.

లోపల 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. అయిదు వేలమంది పడతారట! గాథిక్ పద్ధతిలో కమానులు జోడించిన చేతులవలె పైన మొనదేలి వుంటవి. బరువంతా స్తంభాల్లోకి దిగుతుంది గనుక గోడల్లో పెద్ద కిటికీలు తెరవటానికి వీలు చిక్కుతుంది. యూరపులో 12వ శతాబ్దిలో పుట్టి, 19వ శతాబ్దిలో ఇంగ్లండులో మళ్ళీ ప్రాణం పోసుకున్న యీ పద్ధతి యిట్లా మెతుకుసీమకు వచ్చింది. కిటికీల రంగుటద్దాలు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే చిత్రకారుడివి. క్రీస్తు ఆరోహణం 1927లోను, జననం 1947లోను, శిలువ ఘట్టం 1958లోను అమర్చారు. వెలుగు బయటనుంచి రావాలి. పొద్దుగుంకితే బొమ్మలు లోపలివారికి కనబడవు. చూడబోయేవారు పగలే వెళ్ళండి. 2022నుంచి మెదకుకు రైలు కూడా వున్నది.

నాయన కిటికీలను అట్టే చూడలేదు. ఇంగ్లండునుంచి తెప్పించిన రంగురంగుల పలకల నేలను కాలితో తడిమి, "మన కడప బండ కాదురా యిది" అని నవ్వాడు. తర్వాత బయటికి వచ్చి, గోడరాతిమీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

"1952 కరువులో మీ జేజితో నేనూ కంకర కొట్టినా. ఆ రోడ్డు యాడుంది? తారు కింద పడిపాయె. వీళ్ళు మోసిన రాయి నిలిచిందిరా."

"పాస్నెట్ పేరు అందరికీ తెలుసు. మోసినవాళ్ళ పేర్లు యెవరికి తెలుసు నాయనా?" అన్నాను.

"పేరు దేనికిరా? గంజి కేంద్రం ముందర ముంత పట్టుకొని నిలబడినప్పుడు తల వంచుకున్నా. కంకర కొట్టి కూలి తెచ్చుకున్న దినం వంచుకోలేదు. వీళ్ళూ అంతే."

నాకు జవాబు తోచలేదు. ఆ ముంత సంగతి ఆయన నాతో చెప్పటం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో మా ఆవిడ కట్టి యిచ్చిన చిత్రాన్నం పొట్లం విప్పాము. బస్సు కుదుపులకు నా చేతిలోది సగం ఒలికిపోయింది. నాయన మాత్రం ఒక్క మెతుకు కింద పడనీయలేదు.