లూసీ ఊళ్లో రెండు విగ్రహాలు

"రేయ్, ఇదేంట్రా... దిష్టిబొమ్మలా ఉంది!"

విగ్రహాన్ని చూడగానే మా రూమ్మేట్ అన్న మొదటి మాట ఇది. వాడి తప్పేం లేదు. గుడ్లు మిటకరించి, పళ్లు బయటపెట్టి, ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో చెంచా పట్టుకుని మన మీదికే వస్తున్నట్టు ఉంటుందా కంచు బొమ్మ.

బఫెలో నుంచి కారులో గంటన్నర వస్తే జేమ్స్‌టౌన్. దాన్ని ఆనుకునే షటాక్వా సరస్సు ఒడ్డున సెలొరాన్ అనే చిన్న ఊరు. అమెరికన్ టీవీ మహారాణి లూసిల్ బాల్ పుట్టింది జేమ్స్‌టౌన్‌లో, పెరిగింది సెలొరాన్‌లో. ఊరివాళ్లు ఆమె మీద ప్రేమతోనే 2009లో ఈ విగ్రహం పెట్టారు. జనం మాత్రం 'స్కేరీ లూసీ' అని పేరు పెట్టేశారు. తీసేయమని ఫేస్‌బుక్‌లో గోల. చివరికి 2016 ఆగస్టు 6న, ఆమె 105వ పుట్టినరోజున, చుక్కల గౌనులో అందమైన కొత్త విగ్రహం వచ్చింది. పాతదాన్ని పారేయలేదు, కాస్త పక్కకు జరిపారంతే. ఇప్పుడు రెండింటితోనూ సెల్ఫీలు దిగొచ్చు.

అమ్మకు చూపిద్దామని వీడియో కాల్ చేశా. ఇక్కడ శనివారం పొద్దున 11, అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. "సీరియల్ వస్తోంది, తర్వాత చెయ్యి నాన్నా" అని పెట్టేసింది. పక్కనే ఉన్న లూసీకి కోపం వచ్చి ఉండదు. జనాన్ని టీవీకి అలా కట్టిపడేయడం మొదలుపెట్టినవాళ్లలో ఆవిడా ఒకరు!

పార్కు నుంచి కాస్త నడిస్తే 'లూసీ లేన్' అనే వీధి. తాతగారి ఇల్లు ఇక్కడే. లూసీకి మూడేళ్లప్పుడు తండ్రి టైఫాయిడ్‌తో పోయాడు. పెంచింది ఎక్కువగా అమ్మమ్మ, తాతయ్యే. ఇప్పుడందులో వేరేవాళ్లు ఉంటున్నారు కాబట్టి రోడ్డు మీది నుంచే చూశాం. మామూలు చెక్క ఇల్లు. కానీ దీని వెనకాల పెద్ద కథ ఉంది.

1927 జులైలో ఈ ఇంటి పెరట్లో పిల్లలు తుపాకీతో గురి నేర్చుకుంటున్నారు. లూసీ తమ్ముడికి తాతయ్య కొనిచ్చిన తుపాకీ అది. పక్కింటి కుర్రాడు అడ్డొచ్చాడు. గుండు వెన్నులో దిగింది, ఆ పిల్లాడు ఇక నడవలేకపోయాడు. కేసు పడింది. తాతయ్య ఓడిపోయాడు, ఇల్లు పోయింది. లూసీకి అప్పటికి పదహారు కూడా నిండలేదు.

ఆ వీధిలో నిలబడి వింటే ఎవరికైనా గొంతులో ఏదో అడ్డుపడుతుంది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

అక్కడి నుంచి జేమ్స్‌టౌన్‌లోని లూసీ-డెసీ మ్యూజియంకి వెళ్లాం. 'ఐ లవ్ లూసీ' సెట్లను మళ్లీ కట్టి పెట్టారు. బ్లాక్ అండ్ వైట్‌లో చూసిన ఇల్లు రంగుల్లో చూస్తే భలే ఉంటుంది. విగ్రహం చేతిలోని సీసా కథ కూడా ఈ షోలోదే. 1952 నాటి ఎపిసోడ్‌లో లూసీ ఓ టానిక్ ప్రకటనలో నటిస్తుంది. ప్రతి టేక్‌కూ ఒక చెంచా తాగాలి. అందులో ఆల్కహాల్ ఉందని ఆమెకు తెలీదు. ఇక చూడండి, మాట తడబడుతుంది, నడక తడబడుతుంది. మా వాడు పడీపడీ నవ్వాడు.

షో 1951లో మొదలైంది. భర్త పాత్రకి ఆమె నిజం భర్త, క్యూబా నుంచి వచ్చిన డెసీ ఆర్నాజ్ వద్దంది సీబీఎస్. లూసీ పట్టు వదల్లేదు. ఇద్దరూ ఊరూరా స్టేజీ షోలు చేసి జనం చేతే ఒప్పించారు. మూడు సినిమా కెమెరాలు పెట్టి, ఎదురుగా ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి ఫిల్మ్ మీద తీశారు. అందుకే ఇప్పటికీ మనం చూడగలుగుతున్నాం. ఆమె నిజంగానే కడుపుతో ఉంటే కథలోనూ అలాగే చూపించారు, 'గర్భవతి' అనే మాట మాత్రం పలకనివ్వలేదు! 1953 జనవరి 19న కథలో బాబు పుట్టాడు. అదే రోజు ఆస్పత్రిలో లూసీకీ బాబు పుట్టాడు. ఆ ఎపిసోడ్ చూసినవాళ్లు సుమారు 4.4 కోట్ల మంది.

అదే ఏడాది కమ్యూనిస్టువంటూ ఆమెని విచారణకు పిలిచారు. 1936లో ఓటరు నమోదులో ఆ పార్టీ పేరు రాసింది తాతయ్య సంతోషం కోసమేనని చెప్పింది. ఇల్లు పోగొట్టుకున్న ఆ తాతయ్యే. హాలీవుడ్‌లో కాస్త నిలదొక్కుకోగానే తన దగ్గరికి తెచ్చుకుంది ఆయన్ని.

ఒకప్పుడు చిన్నచిన్న వేషాలు వేసిన ఆర్‌కేఓ స్టూడియోనే 1957లో లూసీ, డెసీల 'డెసిలూ' సంస్థ కొనేసింది. 1960లో విడాకులు. 1962లో డెసీ వాటా కొని ఆమే కంపెనీ నడిపింది. 'స్టార్ ట్రెక్' ఆ స్టూడియోలో తయారైందే.

చివరగా లేక్ వ్యూ శ్మశానవాటిక. లూసీ 1989లో లాస్ ఏంజెలెస్‌లో చనిపోయింది. అస్థికల్ని 2002లో పిల్లలు ఇక్కడికి తెచ్చి సొంతవాళ్ల పక్కన పెట్టారు. రాతి మీద 'ఇంటికి వచ్చేశావు' అనే అర్థం వచ్చే మాట చెక్కి ఉంది. పోయిన ఇంటికి కాదు, ఊరికి.

ఫొటో తీసి, అర్థం తెలుగులో రాసి అమ్మకు వాట్సాప్ చేశా. అక్కడ అర్ధరాత్రి. పడుకుని ఉంటుందనుకున్నా. రెండు నిమిషాల్లో బ్లూ టిక్స్ పడ్డాయి.

"పాపం, మంచిపని చేశారు. నువ్వెప్పుడొస్తున్నావ్ నాన్నా?"

జవాబు టైప్ చేశా, చెరిపేశా. కారెక్కాక ఫోన్ చేశా.