ఐదు వాట్ల పెట్టె



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చాలామంది నన్ను ఒకటే అడిగారు. "అయ్యగారూ, గిటార్ తమ్ముడి పక్కన పెట్టిన గా చిన్న పెట్టె ఏంది? ఎనకనుంచి చూస్తే లోపల దీపం వెలుగుతున్నట్టుంది." ఒక తండ్రి అయితే, "మా పిలగాడు గసొంటిదే కావాలంటున్నడు. ఏది కొనాలె, ఎంతల వస్తది, మీరే చెప్పుండ్రి" అన్నాడు. అందుకే ఈ వారం ఆ పెట్టె గురించే రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. అదీ చెప్పుకోవాలి.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. కిందటి ఏడు క్రిస్మస్‌కు ముందు ఒక కూడికలో ఈ తమ్ముడు గిటార్‌కు ఒక పెడల్ కలిపి, వైరు నేరుగా మన మిక్సర్‌లో పెట్టి వాయించాడు. కందిరీగల తుట్టెను కదిలించినట్టు ఒకటే రొద. ముందు వరసలో పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు. నేను లేచి వెళ్లి, అందరూ చూస్తుండగానే అతని బటన్ సున్నాకు తిప్పేశాను. అతను తల వంచుకుని పాట అయ్యేదాకా చప్పుడు రాని తీగలు మీటుతూ నిలబడ్డాడు. తర్వాత మూడు ఆదివారాలు మందిరానికి రాలేదు.

నాలుగో వారం వాళ్లింటికి వెళ్లాను. వాకిట్లో నిలబడితే మన థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు కనిపిస్తాయి. అక్కడే అతను కాంట్రాక్టు పని చేస్తాడు. అప్పుడే నైట్ షిఫ్టు దిగి వచ్చాడు. వాళ్లమ్మ చాయ పెట్టింది. ఆ ఇంట్లో తండ్రి పోయి అప్పటికి రెండు నెలలు. సమాధి కార్యక్రమం నేనే చేశాను. అయినా ఆ రోజు బటన్ తిప్పేటప్పుడు ఆ సంగతి నా మనసుకు రాలేదు.

"ఎందుకు బిడ్డా ఆ సప్పుడు?" అని అడిగాను.

"నాయిన పోయినప్పటి సంది నాకు ఏడుపు వస్తలేదు అయ్యగారూ. గిటార్ గట్ల మొత్తుకుంటే జర నిమ్మళమైతది" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అతను ఫోన్ తీసి ఒక వీడియో పెట్టాడు. తెల్ల కోటు వేసుకున్న నల్లజాతి అమ్మగారు ఒక పాత రైల్వే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తూ పాడుతోంది. ఆమె పేరు సిస్టర్ రొసెట్టా థార్ప్. ఆ వీడియో 1964లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో తీసింది. ఆమె 1915లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో పుట్టింది. పుట్టిన ఊరి పేరు కాటన్ ప్లాంట్, అంటే పత్తి చెట్టు. తల్లి చర్చిలో పాడుతూ వాక్యం చెప్పేది. కూతురు చిన్నప్పుడే చర్చిలో గిటార్ పట్టింది. బ్లూస్ అనే సంగీతం పుట్టిందీ ఆ పత్తి చేలలో చెమటోడ్చిన నల్లవాళ్ల గొంతుల నుంచే. మన చుట్టూ కూడా పత్తి చేలే కదా! ఆ గిటార్ గొంతు జీరబోయినట్టు, లోపలి నుంచి ఏదో తన్నుకొచ్చినట్టు ఉంది. మన కూడికలో వచ్చింది ఆ చప్పుడు కాదు. ఇతను వెతుకుతున్నది మాత్రం అదే అని నాకు అప్పుడు అర్థమైంది.

ఆ చప్పుడునే గిటార్ వాళ్లు ఓవర్‌డ్రైవ్ అంటారు. పరిచర్యలోకి రాకముందు నేను పరకాలలో రెండేళ్లు రేడియో రిపేరు పని నేర్చుకున్నానని మీలో చాలామందికి తెలియదు. అప్పటికి ట్రాన్సిస్టర్లు వచ్చేశాయి. అయినా పాత వాల్వు రేడియోలు రిపేరుకు వస్తూనే ఉండేవి. స్విచ్ వేశాక వాల్వు వేడెక్కి, ఎర్రబడి, మెల్లగా గొంతు విప్పేది. ఇవాళ గిటార్ వాళ్లు ట్యూబ్ అంటున్నది ఆ వాల్వునే. ఆ రోజుల్లో మన దేశంలోనే, బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్‌లో రేడియో వాల్వులు తయారయ్యేవి. ఇప్పుడు కొత్తవి ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచి వస్తున్నాయి.

దాని పని తీరు ఇలా ఉంటుంది. ప్రతి ఆంప్లిఫయర్‌కూ ఇంతవరకే అని ఒక హద్దు ఉంటుంది. అంతకు మించి సౌండ్ తోస్తే అది హద్దుకు తగులుతుంది. మన పాత ఇళ్లలో దర్వాజ ఎత్తు తక్కువ. ట్రాన్సిస్టర్ ఆ దర్వాజకు ఠపీమని తల కొట్టుకుంటుంది, అందుకే గరగరమంటుంది. వాల్వు కొంచెం కొంచెంగా వంగి లోపలికి పోతుంది. ఆ వంగడంలో అసలు స్వరంతోపాటు మరికొన్ని స్వరాలు పుడతాయి. అదే మనకు జీరగొంతులా వినిపిస్తుంది. తీగను మెల్లగా మీటితే గొంతు శుభ్రంగా ఉంటుంది. గట్టిగా మీటితే ఏడుస్తుంది. అంతా వేళ్లలోనే ఉంది. కూడికలో రొద రావడానికి ఇంకో కారణం ఉంది. గిటార్ కోసం చేసిన స్పీకరు పై స్థాయి గరగరను చాలావరకు తీసేస్తుంది. పెడల్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే ఆ వడకట్టు ఉండదు.

అతని దగ్గర దాచుకున్న డబ్బు ఇరవై ఐదు వేలు. ఎవరో వాడిన 50 వాట్ల ట్యూబ్ ఆంప్లిఫయర్ ఫోన్‌లో చూసి పెట్టుకున్నాడు. తక్కువ పడ్డ డబ్బు ఫైనాన్స్‌లో తెద్దామని ఆలోచన.

"50 ఎందుకు బిడ్డా?"

"మందిరం నిండాలె గద అయ్యగారూ!"

వాట్లు పదింతలైతే చెవికి చప్పుడు సుమారు రెండింతలే అనిపిస్తుందని చెప్పాను. అంటే 50 వాట్ల పెట్టె 5 వాట్ల పెట్టెకు రెండింతలే వినిపిస్తుంది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. పెట్టె తన హద్దు దగ్గరకు చేరినప్పుడే ఓవర్‌డ్రైవ్ వస్తుంది. మన మందిరంలో 50 వాట్ల పెట్టెను హద్దు దాకా పెంచితే రేకులు అదురుతాయి. పెంచకుండా చిన్నగా పెడితే అతనికి కావలసిన ఆ ఏడుపే రాదు. 5 వాట్ల పెట్టె త్వరగా తన హద్దుకు చేరి పాడుతుంది. దాని ముందు మైకు పెడితే మిగతా పని మన పాత సౌండ్ సెట్టు చూసుకుంటుంది. 1970లో ఎరిక్ క్లాప్టన్ "లైలా" ఆల్బమ్ చేసినప్పుడు వాడింది ఫెండర్ చాంప్ అనే బుడ్డ పెట్టెనే. అది కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని చేసిన ఐదు వాట్ల రకం.

సౌలు కవచం వేసుకుని దావీదు నడవలేకపోయిన సంగతి మీకు తెలుసు. ఆ కవచం మంచిదే, కానీ అతని ఒంటికి సరిపోలేదు. ఆ మాట నేను అతనికి చెప్పలేదు. అప్పటికే ఒకసారి అందరి ముందు తలవంపు తెచ్చినవాణ్ని, మళ్లీ ప్రసంగం ఎందుకని ఊరుకున్నాను. "నీ షిఫ్టు లేని రోజు చెప్పు, ఇద్దరం హైదరాబాద్ పోదాం" అన్నాను.

పరకాల, హన్మకొండ మీదుగా వెళ్లాం. బస్సులో కూర్చుని చిట్టీ రాసుకున్నాం. మీ పిల్లల కోసం కొనాలనుకునేవాళ్లు ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

మొదటిది, వాల్వు ఎక్కడ ఉందో అడగండి. కొన్ని పెట్టెల్లో ముందు భాగంలో ఒక్క వాల్వు పెట్టి, బలమిచ్చే వెనక భాగంలో ట్రాన్సిస్టర్లే పెడతారు. అవి చౌక, తేలిక, చెడ్డవేం కావు. కానీ పెట్టెను హద్దుకు తోసినప్పుడు వచ్చే గొంతు కావాలంటే వెనక కూడా వాల్వు ఉండాలి. రెండోది, స్పీకరు. 8 అంగుళాలదైతే గొంతు సన్నగా, 12 అంగుళాలదైతే నిండుగా ఉంటుంది. బయటి స్పీకరు కలిపే వీలుంటే ఓములు సరిచూసుకోవాలి. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ ఆంప్లిఫయర్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. మూడోది, కరెంటు. అమెరికా నుంచి తెచ్చినవి 120 వోల్టులవి ఉంటాయి. మన 230లో పెట్టారంటే అంతే సంగతులు. నాలుగోది, పాత పెట్టె కొంటే అరగంట ఆన్‌లో ఉంచి కాలిన వాసన, హమ్ ఉన్నాయేమో చూడండి. వాల్వు పోతే మార్చుకోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ పోతే పెట్టె ధరలో పెద్ద భాగం పోయినట్టే.

షాపులో ముందు ఫెండర్ బ్లూస్ జూనియర్ విన్నాం. 15 వాట్లు, వెనక రెండు ఈఎల్84 వాల్వులు, 12 అంగుళాల స్పీకరు. గొంతు బంగారమే. ధర చూసి ఇద్దరం నవ్వుకుని పక్కకు జరిగాం. వోక్స్ ఏసీ4, బ్లాక్‌స్టార్ హెచ్‌టీ-5 లాంటి చిన్నవి కూడా మా చిట్టీలో ఉన్నాయి. చివరికి ఇంకొకరు వాడి అమ్మకానికి పెట్టిన బుగేరా వీ5 దొరికింది. లోపల ఒక 12ఏఎక్స్7, ఒక ఈఎల్84, అంతే. వెనక స్విచ్‌తో 5 వాట్లను 1కి, ఇంకా కిందికి 0.1కి కూడా తగ్గించుకోవచ్చు. అంటే ఇంట్లో అమ్మ నిద్ర చెడకుండానే ఆ జీరగొంతు వస్తుంది. నైట్ షిఫ్టు చేసేవాడికి ఇది చిన్న విషయం కాదు.

వెనక నుంచి ఆ ఈఎల్84 వెలగడం చూస్తే పరకాల షాపులో కూర్చున్నట్టే అనిపించింది. పాత రేడియోల్లో స్పీకరును మోగించిన వాల్వుల్లో అదీ ఒకటి. తమ్ముడు గిటార్ మీది బటన్ తగ్గించి వాయించాడు, శుభ్రంగా పలికింది. పెంచి ఒక తీగను మెల్లగా వంచాడు. ఆ స్వరం సాగి, జీరబోయి, ఆగింది. అతను మా వైపు తిరగలేదు. నేనూ పిలవలేదు. షాపాయన కూడా ఏమీ అనకుండా కాసేపు బయటికి వెళ్లి నిలబడ్డాడు.

అప్పు లేకుండానే కొన్నాం. మిగిలిన డబ్బుతో స్టెబిలైజర్ ఒకటి, స్పేర్ వాల్వులు రెండు తీసుకున్నాం.

మందిరంలో మొదటిసారి పెట్టినప్పుడు ఒకటే హమ్. పెట్టె తప్పేమో అనుకున్నాం. తీరా చూస్తే మన ప్లగ్గుకు ఎర్త్ లేదు. ఇన్నేళ్లుగా మైకు పట్టుకుంటే చిన్నగా జిల్లుమంటున్నా నేనే పట్టించుకోలేదు. 500, 600 మెగావాట్ల యూనిట్లు తిరుగుతున్న చెల్పూర్‌లో మన మందిరానికి ఎర్త్ లేదు! దీపం కిందే చీకటి అంటే ఇదే. యవ్వనస్థులు గుంత తీసి, బొగ్గు, ఉప్పు పోసి జీఐ పైపు దింపారు. మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు వైరు కలిపి సరిచూశాడు. హమ్ పోయింది. మైకూ జిల్లుమనడం మానేసింది. ఒక పిల్లవాడి పెట్టె వచ్చి మనందరినీ ఒక ప్రమాదం నుంచి తప్పించింది.

ఒక హెచ్చరిక. ఇలాంటి పెట్టె మూత ఎవరూ ఇంట్లో విప్పకండి. లోపల సుమారు 300 వోల్టులు ఉంటాయి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కండెన్సర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది. పని తెలిసినవాళ్లకే ఇవ్వండి.

పోయిన ఆదివారం మీరు విన్నది ఆ ఐదు వాట్లే. "సినిమా సప్పుడు మందిరంల ఎందుకు" అని ఒక పెద్దాయన నాతో అన్నారు. వారి మాటను నేను తోసిపుచ్చను. ఏ పాటకు ఎంత వాడాలో తమ్ముడూ నేనూ కూర్చుని మాట్లాడుకుంటాం. కానీ పత్తి ఏరడానికి పోయే మన అవ్వ ఒకామె గడప దగ్గర నన్ను ఆపి, "గది ఏడ్సినట్టే ఉన్నది అయ్యగారూ. గని నాకు మంచిగనిపిచ్చింది" అంది. మందిరంలో ఏడవడం తప్పని మనకు ఎవరు నేర్పారు? కీర్తనల్లో ఎన్ని ఏడుపులు లేవు!

ఆ రోజు అందరి ముందు ఒక బిడ్డ గొంతు తగ్గించాను. చప్పుడు ఎక్కువైందని తగ్గించడం తప్పు కాకపోవచ్చు. కానీ ఎందుకు అరుస్తున్నాడో అడగకుండా తగ్గించాను. దుఃఖంలో ఉన్నాడని తెలిసి కూడా మరిచాను. అతనితో విడిగా ఈ మాట చెప్పాను. అది అందరి ముందు జరిగింది కాబట్టి అందరి ముందే రాస్తున్నాను: తప్పు నాది, బిడ్డా.

మీ ఇళ్లలో కూడా ఎవరైనా చప్పుడు చేస్తుంటే, బటన్ మీద చెయ్యి వేసేముందు ఒక్కసారి పక్కన కూర్చుని చాయ తాగండి.

ప్రభువు మీకు తోడై ఉండును గాక. వచ్చే ఆదివారం కలుద్దాం.