నూరీ గుస్సా



మా అర్ధవీడు ఎండలు తెలిసినవాళ్లెవరూ చిన్‌చిల్లాను పెంచుకుందామనరు. మావాడు అన్నాడు. ఫోన్‌లో చూశాడట, మఖ్మల్ లాంటి బొచ్చు, చేటంత చెవులు. "అవి ఆండీస్ కొండల చలిలో పుట్టినవి బేటా, మన దగ్గర బతకవు" అన్నా జిద్ మానలేదు. చివరికి వాళ్ల అబ్బా కంభం నుంచి తెల్లకుందేలు పిల్లను తెచ్చారు. దానికి నూరీ అని పేరు పెట్టాం.

ఐదో నెల వచ్చేసరికి నూరీ మిజాజ్ మారిపోయింది. పంజరంలో చెయ్యి పెడితే చెవులు వెనక్కి వాల్చి, గుర్రుమంటూ మీదికొచ్చేది. రాత్రిళ్లు వెనక కాలితో రేకు మీద దబ్బుమని కొట్టేది. ఒకరోజు గిన్నె తీయబోయిన మావాడి వేలు కొరికింది. సబ్బునీళ్లతో కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చేసరికి ఆయన గుస్సా మీదున్నారు.

"ఈ జుమ్మాకి జిబా చేసేద్దాం."

మావాడు అన్నం మానేసి మంచం కింద దూరాడు. నేను నెల రోజులు మొహ్లత్ అడిగాను.

పశువుల డాక్టరైన మా తమ్ముడికి ఫోన్ చేశాను. "అది గుస్సా కాదు ఆపా, ఖౌఫ్" అన్నాడు. కుందేలుకు కళ్లు పక్కలకుంటాయి. చుట్టూ కనబడుతుంది కానీ ముక్కు ముందున్నది కనబడదు. పైనుంచి దిగే చెయ్యి దానికి గద్దలాంటిదే. పైగా ఈడుకొచ్చిన ఆడకుందేలుకు పంజరమే ఇల్లు. చెప్పకుండా ఇంట్లో చెయ్యి పెడితే ఊరుకుంటుందా? చిన్‌చిల్లాలదీ ఇదే కథట. బెదిరిన ఆడది వెనక కాళ్ల మీద లేచి మూత్రం చిమ్ముతుంది. గట్టిగా పట్టుకుంటే బొచ్చు కుచ్చు చేతిలో వదిలేసి పారిపోతుంది.

ఆ రోజు నుంచి పంజరంలో చెయ్యి పెట్టడం మానేశాం. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె పెట్టాం. మధ్యాహ్నాలు పైన తడి గోనెపట్టా కప్పేవాళ్లం. అసర్ తర్వాత గది తలుపేసి, పంజరం తెరిచి, నేనూ మావాడూ నేల మీద కూర్చునేవాళ్లం. పిలవడం, వెంటపడటం, చెవులు పట్టి ఎత్తడం అన్నీ బంద్. అది బయటికొచ్చాకే ఊడ్చడం, గిన్నె మార్చడం.

మొదటి వారం తొంగి కూడా చూడలేదు. ఇరవై రోజులకు మావాడి చేతిలోంచి కొత్తిమీర కాడ లాక్కెళ్లింది. తర్వాత ఒకనాడు వచ్చి వాడి మోకాలికి గడ్డం రుద్దింది. కుందేళ్లు తమదనుకున్న దానికే అలా గడ్డం రుద్ది వాసన అంటిస్తాయట. అది విని మావాడి ముఖం చూడాలి!

నూరీ పూర్తిగా మారలేదు. పంజరంలో చెయ్యి పెడితే ఈ రోజుకీ గుర్రుమంటుంది. జిబా మాట మాత్రం మా ఇంట్లో మళ్లీ రాలేదు. ఆయనే సంచిలో మెంతికూర కట్ట తెస్తున్నారు.

ఇంకో మాట చెప్పాలి. ఇంటికి మెహమాన్లు వస్తే మావాడు మంచం కింద దూరతాడు. ఇన్నాళ్లూ వాడి చెయ్యి పట్టి బయటికి లాగి "సలామ్ చెప్పు" అని గద్దించేదాన్ని. బిడ్డకు తమీజ్ నేర్పుతున్నాననుకున్నాను. మొన్న ఈద్‌కి లాగలేదు. షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని మంచం పక్కనే కూర్చున్నాను. వాళ్ల ఫుప్పూ "వీడు మారడా?" అంది. "వస్తాడులే ఆపా" అన్నాను.

గిన్నె చల్లారింది. కానీ వాడే వచ్చాడు.