మా యింటికి వచ్చిన పోలండు వియ్యాలవారు

దూరదేశపు చుట్టములు వచ్చుచున్నారన్న గృహిణికి సంతోష మెంతయో చింతయు నంతే. 2025వ సంవత్సరము సంక్రాంతికి పోలండు దేశమందలి క్రాకొవ్ పట్టణమునుండి మా వియ్యంకుడును వియ్యపురాలును సూర్యాపేటకు వచ్చిరి. మా యమ్మాయి, అల్లుడు, నాలుగేండ్ల మనుమరాలు వెంట వచ్చిరి.

నా మనసులోని మాట దాపక చెప్పెదను. 2020లో మా యమ్మాయి ప్రసవించునాటికి మహమ్మారి వలన విమానములు నిలిచిపోయెను. తొలికాన్పు పుట్టింట జరుపు భాగ్యము నాకు లేకపోయినది. పురిటి పనులన్నియు వియ్యపురాలే చేసిరి. కృతజ్ఞతతో పాటు చిన్న ముల్లొకటి నా హృదయమున నాటుకొనెను. బిడ్డ మొదట నేర్చిన పిలుపు ‘బాబ్చా’. పోలిషు భాషలో నాయనమ్మనైనను అమ్మమ్మనైనను అట్లే పిలుతురు. నేనో, ఆ బిడ్డకు ఫోను తెరమీది బొమ్మను మాత్రమే!

మొదటి దినము వారిని కుర్చీలనుండి లేవనీయలేదు. సకినాలు, అరిసెలు, గారెలు, కోడికూర, పులిహోర వరుసగా వడ్డించితిని. వదినగారు వంటయింటి గుమ్మము కడకు వచ్చినప్పుడెల్ల “మీరు కూర్చుండుడు” అని వెనుకకు పంపితిని. అదియే మర్యాద యనుకొంటిని. ఆమె చేతులు ఒడిలో నుంచుకొని ఊరక కూర్చుండిరి.

మఱునాడు సమీపమున నున్న పిల్లలమఱ్ఱికి వెళ్లితిమి. కాకతీయుల కాలపు శివాలయములచ్చట కలవు. ఎఱకేశ్వరాలయమును 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య యెఱకసానమ్మ కట్టించినది. అద్దమువలె మెఱయు నల్లరాతి స్తంభములను చూచుచు, ఒక స్త్రీ కట్టించిన గుడియని విని, వదినగారు ఆ పేరును రెండు మారులడిగి పలికి చూచుకొనిరి.

మూడవనాడు విజయవాడ మార్గమున కోదాడలోని మా చెల్లెలింటికి పోయితిమి. భోజనముకడ వియ్యంకుడుగారు చెప్పిన ముచ్చట: 1942లో యుద్ధమువలన నిరాశ్రయులైన పోలిషు బాలలను నవానగరపు జాంసాహెబు దిగ్విజయసింహజీ బాలాచడిలో నాదరించెనట, ‘మంచి మహారాజు’ అని ఆయన పేర వార్సాలో నొక చిన్నతోట కలదట. అపుడు వంటయింట మా చెల్లెలు గరిజలు చేయుచుండెను. వదినగారు ఎవరినడుగకయే నేలమీద కూర్చుండి, పూరీని మడిచి, అంచులు వ్రేళ్లతో చకచక నొక్కసాగిరి! వారి దేశమున ‘పియెరోగి’ యనునది అచ్చముగా నీ యర్ధచంద్రపు టాకారమే. ఆ మూడు దినములలో ఆమె ముఖమున నిండునవ్వు చూచుట అదే మొదలు. నా మర్యాద యామెను పరాయిదానిగా నుంచినదని యప్పుడు తెలిసెను.

నాలుగవనాడు మిర్యాలగూడకు ప్రయాణము. నాగార్జునసాగరపు ఎడమకాలువకు 1967లో నీరు వదలిన పిదప ఈ ప్రాంతమంతయు వరిపొలములైనది. రైసుమిల్లులో వడ్లు నానబెట్టి, ఆవిరిపై నుడికించి, ఆరబెట్టి దంచు విధమును వియ్యంకుడుగారు వింతగా చూచిరి. అటనుండి మూసీనది కృష్ణలో కలియు వాడపల్లికి చేరితిమి. మెట్లపై పరుగిడు పిల్ల కాలు జారి, మోకాలు గీచుకొని, ‘బాబ్చా!’ యని యేడ్చెను. నేను దగ్గఱనుంటిని, అయినను నన్ను దాటి యామె ఒడిలో చేరెను. ముల్లు మరల కలుక్కుమనెను.

మెట్లపై కూర్చున్న యొక ముసలమ్మ “బాపమ్మనా తల్లీ?” అని పిల్లను పలుకరించెను. మా ప్రాంతమున పలువురు తండ్రితల్లిని బాపమ్మ యందురు; ఆమెకు ‘బాబ్చా’ యట్లే వినబడెను! “మఱి యీమె యెవరు?” అని నన్ను చూపగా, పిల్ల కన్నీళ్లు తుడుచుకొని స్పష్టమైన తెలుగులో “అమ్మమ్మ” అనెను. నేను నివ్వెఱపోతిని. “నీ ఫొటో చూపి ప్రతిరాత్రియు ఆ మాట పలికించినది మా యత్తగారే నమ్మా” అని మా యమ్మాయి చెప్పెను. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి సూర్యాపేటలో మా వంటయింటిని వదినగారికి అప్పగించితిని. పియెరోగి చేయు విధము మీకును చెప్పెదను. మైదాపిండిని ఉప్పు, గోరువెచ్చని నీరు పోసి మెత్తగా కలిపి కొంతసేపుంచవలెను. ఉడికించి చిదిమిన ఆలుగడ్డలలో, నిమ్మరసముతో విఱిచి వడగట్టిన పాలముద్ద, వేయించిన ఉల్లిపాయలు, ఉప్పు, మిరియాలపొడి కలుపవలెను. చిన్న పూరీలలో నీ ముద్ద నుంచి, మడిచి అంచులు గట్టిగా నొక్కి, మరుగుచున్న ఉప్పునీట వేయవలెను. పైకి తేలిన పిదప కొంచెముసేపాగి తీసి, వెన్నలో వేగిన ఉల్లిపాయలు పైన చల్లవలెను. మావారు దానిని ఆవకాయతో తినిరి. వియ్యంకుడుగారును అట్లే తిని కన్నీరు తుడుచుకొని మరల వడ్డింపుమనిరి.

నేను పూరీలొత్తితిని, వదినగారు మడిచిరి. మా యిద్దఱి నడుమ పిండి పూసుకొని కూర్చున్న పిల్ల, ఒకమారు అమ్మమ్మా యనియు, ఒకమారు బాబ్చా యనియు పిలుచుచుండెను. ఎవరిని పిలిచినను ఇద్దఱము పలికితిమి.