జూకు వెళ్ళే ముందు పాదాలు చూసుకోండి

హైదరాబాదు వెళ్ళినవారు జూ చూడకుండా తిరిగి రారు. మీర్ ఆలం చెరువు పక్కన 1963లో తెరిచిన నెహ్రూ జూలాజికల్ పార్కు సుమారు 380 ఎకరాలు. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే బయలుదేరే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

మా నాన్నగారికి కొత్త చెప్పులు తొడిగించి, సింహాల నుంచి జిరాఫీల దాకా తిప్పాను, వైద్యుణ్ణి అయివుండీ! ఆయన అరికాళ్ళకు స్పర్శ తగ్గింది. చెప్పు కరుస్తున్నా తెలియలేదు. బొబ్బ పుండై, మానడానికి రెండు నెలలు పట్టింది.

కనుక అలవాటైన బూట్లు, నూలు మేజోళ్ళు వేయించండి. సోమవారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయమే వెళ్ళండి. బ్యాటరీ బండి ఎక్కడానికి మొహమాటం వద్దు. ఇన్సులిన్ తీసుకుని ఫలహారం వాయిదా వేయకూడదు. చెమటలు పట్టి వణుకు వస్తే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చండి.

అన్నీ చూసి తీరాలన్న పంతం దేనికి? నిశాచర ప్రాణుల శాల ఒక్కటి చాలు. అక్కడ రాత్రీ పగలూ తారుమారు చేసి ఉంచుతారు. మన శేషాచలం అడవుల్లోని దేవాంగపిల్లి, పునుగుపిల్లి మనం వెళ్ళేవేళకు మేలుకొని ఉంటాయి. ఎండలోంచి చీకట్లోకి వెళ్ళగానే పెద్దల కళ్ళకు ఏమీ ఆనదు. చేయి పట్టుకుని గుమ్మం దగ్గర కాసేపు ఆగండి. రెండోసారి వెళ్ళినప్పుడు కొమ్మ మీద ఆచితూచి కదిలే దేవాంగపిల్లిని నాన్నగారు పావుగంట చూశారు. "నాలాగే నడుస్తోందిరా!" అన్నారు.

బసకు చేరగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అరికాళ్ళు మీరే చూడండి. కాస్త ఎర్రబడినా డాక్టరుకు చూపించండి.