ఎండ అక్కడ, పడవ ఇక్కడ

"పడవ కొనుక్కున్నామే అమ్మా" అని 2009లో ఫోను చేసి చెబితే, అవతల కాసేపు చప్పుడు లేదు. తరువాత "ఎందుకే? రేవు దాటించి డబ్బులు వసూలు చేస్తారా ఏమిటి అల్లుడుగారు?" అంది మా అమ్మ.

ఆవిడ తప్పేం లేదు లెండి. మాది అమలాపురం దగ్గర పల్లె. మా చిన్నప్పుడు పడవంటే కోటిపల్లి రేవులో పంటే. అవతలి ఒడ్డున పనుంటే ఎక్కుతాం, లేకపోతే లేదు. షికారు కోసం పడవ కొనడమేమిటి, దాన్ని కట్టెయ్యడానికి నెలనెలా అద్దె పొయ్యడమేమిటి, వీళ్లకి డబ్బు ఎక్కువయిందా అని మీరూ అనుకుంటూ ఉంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నదాన్నే. కానీ కాస్త ఓపిక పట్టి చదవండి. ఇది పడవ గొడవే అయినా, ఇలాంటి గొడవ మీ ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో ఉండే ఉంటుంది.

నేను పెళ్లి చేసుకుని ఇంగ్లాండు వచ్చింది 1988లో. మావారు డాక్టరు. మా ఇల్లు దక్షిణపు ఒడ్డున, సౌతాంప్టన్ దగ్గర. ఆయనతో పనిచేసే ఒక పెద్దాయన ఓపిక లేక తన తెరచాప పడవ అమ్మేస్తుంటే ఈయన తీసుకున్నారు. 28 అడుగుల పడవ. లోపల నలుగురు సర్దుకుని పడుకోవచ్చు. వంటిల్లంటే, నిలబడి రెండు చేతులూ చాపితే అటూ ఇటూ తగిలేంత. స్టవ్వు మాత్రం ఉయ్యాలలా వేలాడుతూ ఉంటుంది. పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలకదు. దాని మీద చిన్న కుక్కరు పెట్టి ముద్దపప్పు, అన్నం వండేస్తాను. పులిహోర ఇంట్లోనే కలిపి తెచ్చుకుంటాం.

మేం తిరిగేది సోలెంట్‌లో. ఇంగ్లాండుకీ, ఎదురుగా ఉన్న వైట్ ద్వీపానికీ మధ్య సముద్రపు పాయ అది. అక్కడి ఆటుపోట్లు ఓ పట్టాన అర్థం కావు. సౌతాంప్టన్‌లో పోటు ఒకసారి వచ్చి, కాస్త తగ్గినట్టే తగ్గి, మళ్లీ పెరుగుతుంది. పోటు చూసుకుని బయలుదేరాలి, పోటు చూసుకుని తిరిగి రావాలి. ఇక ఎండ సంగతంటారా, జూన్ నెలలో కూడా స్వెట్టరు చేతిలో లేకుండా పడవ ఎక్కను. ముసురు పట్టిందంటే రెండు రోజులు పడవలో కూర్చుని పేకాడుకోవడమే!

పదమూడేళ్లు అలా గడిచిపోయాయి. 2022లో మావారికి గుండెలో స్టెంటు వేశారు. ఆ తరువాతి ఏడు ఆయన రిటైరయ్యారు. ఆ చలికాలంలోనే మొదలయింది ఈ గొడవ.

"ఏమోయ్, పడవని గ్రీసుకి పంపించేద్దామా?" అన్నారొక రాత్రి, భోజనాల దగ్గర.

మా స్నేహితుల జంట ఒకటి 2019లోనే తమ పడవని గ్రీసు తీసుకెళ్లిపోయింది. లెఫ్కాద అని ఒక ద్వీపం. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా ఎండే ఎండ. ఆటుపోట్లు లెక్కలోకి రానంత తక్కువ. పొద్దున్న గాలుండదు, మధ్యాహ్నం హాయిగా మొదలయి సాయంత్రానికి తగ్గిపోతుంది. నీళ్లలోకి చూస్తే అడుగున ఇసుక కనబడుతుంది. వాళ్లు పంపిన ఫోటోలు చూసి ఈయన నిట్టూర్చడం నేను గమనిస్తూనే ఉన్నాను.

నేను మాత్రం ఊరుకుంటానా? పచారీ లెక్క రాసుకునే పుస్తకంలో ఒక పేజీకి నిలువునా గీత కొట్టాను. ఎడమవైపు "ఇక్కడ", కుడివైపు "అక్కడ".

ఇక్కడ అన్నిటికంటే పెద్ద ఖర్చు మెరీనా అద్దె. మెరీనా అంటే పడవలు కట్టేసుకునే ప్రైవేటు రేవు. పడవ ఎన్ని మీటర్లుంటే అంత అద్దె. గ్రీసులో చలికాలం పడవని ఒడ్డుకెక్కించి పెట్టే యార్డులున్నాయి, అవి దీనికంటే చవక. ఇక్కడిదాకా చూస్తే కుడివైపే బాగుంది. కానీ మన ఆడవాళ్లకి తెలుసు కదా, సంతలో చవగ్గా దొరికిన కూరకి ఆటో ఖర్చు కలిపి చూడాలని.

ముందు పడవ అక్కడికి చేరాలి. లారీ మీద పంపాలి. లేదా బిస్కే అఖాతం దాటి, పోర్చుగల్ చుట్టి, జిబ్రాల్టర్ మీదుగా వెళ్లాలి. అదీ కాకపోతే తెరచాప కొయ్య దించేసి, ఫ్రాన్సులో సీన్, సోన్, రోన్ నదుల మీదుగా, మధ్య కాలువల్లో లాకులు దాటుకుంటూ మధ్యధరా సముద్రంలోకి దిగాలి. అక్కడికి చేరాక విమానం టిక్కెట్లు, ఇన్సూరెన్సు, 7 మీటర్లు దాటిన పడవలకి గ్రీసు వసూలు చేసే పన్ను. ఇక్కడయితే ఈయనే చేసుకునే చిన్నాచితకా పనులకి అక్కడ మనిషిని పెట్టుకోవాలి. వెచ్చని నీళ్లలో పడవ అడుగున నాచు, గుల్లలు త్వరగా పడతాయి. ఎండకి తెరచాపలు, మోకులు చివికిపోతాయి. మన డాబా మీద ప్లాస్టిక్ బకెట్టు రెండు వేసవులకే పెళుసెక్కిపోవడం లేదూ, అలాగన్నమాట.

ఆ పైన రూల్సు. బ్రిటన్ యూరోపు కూటమితో తెగతెంపులు పూర్తి చేసుకున్న 2021 జనవరి 1 నుంచి, మాలాంటి బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్లు ఏ 180 రోజుల్లోనయినా 90 రోజులకి మించి అక్కడ ఉండకూడదు. పడవకయితే పన్ను కట్టకుండా 18 నెలలు ఉండే వీలుంది. ఆ తరువాత ఒకసారి ఏ అల్బేనియా నీళ్లలోకో వెళ్లి రావాలి. పడవకి పద్ధెనిమిది నెలలు, మనిషికి మూడు నెలలు! మాకంటే పడవకే మర్యాద ఎక్కువ. ఇంకో సంగతి చెబితే మీరు నవ్వుతారు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లు పాలు, పాల పదార్థాలు వెంట తీసుకెళ్లకూడదు. అంటే నా నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్లాలి.

అయినా డబ్బు ఒక్కటే చూడలేదు నేను. రోజులు కూడా లెక్కపెట్టాను. 2023లో ఇక్కడ మేం పడవ మీద గడిపినవి 38 రోజులు. అందులో నిజంగా ఎండ కాసినవి 17. పడవ గ్రీసులో ఉంటే? చలికాలం రెండు నెలలు అమ్మ దగ్గరికి వెళతాం. ఆవిడకి 86 ఏళ్లు, అది తగ్గించే ప్రసక్తే లేదు. అమ్మాయి ఉద్యోగానికి వెళితే సోమ, మంగళవారాలు మనవడు మా దగ్గరే. ఇవన్నీ పోను, ఏడాదికి రెండుసార్లు, రెండేసి వారాలు. 28 రోజులు. వెళ్లగానే పడవ కడిగి, సామాన్లు సర్ది, నీళ్లలోకి దించడానికి రెండు రోజులు, వచ్చేటప్పుడు మూసి రావడానికి రెండు రోజులు. రెండుసార్లకీ ఎనిమిది తీసేస్తే మిగిలేవి 20. ఇక్కడ ఎండ రోజులు 17, అక్కడ 20. చూశారా, లెక్క చూపించి ఆయన నోరు మూయిద్దామనుకుంటే, లెక్క ఆయన పక్షానే నిలబడింది!

అప్పుడు అసలు భయం బయటపెట్టాను. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను ఊడ్చేసింది మీకు గుర్తుండే ఉంటుంది. నేనప్పుడు ఇక్కడే ఉన్నాను. ఐదు రోజుల పాటు ఫోను కలవలేదు. అమ్మానాన్నా ఉన్నారో లేరో తెలియదు. టీవీలో పడిపోయిన కొబ్బరిచెట్లు చూపిస్తుంటే, ఆ చెట్లలో మా దొడ్డి ఏదా అని వెతుక్కున్నాను. మనది అనుకున్నది దూరంగా ఉంటే తుపాను ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. 2020 సెప్టెంబరులో ఇయానోస్ అనే తుపాను గ్రీసు పడమటి ద్వీపాల మీద విరుచుకుపడింది. ఎన్నో పడవలు పాడయ్యాయి. మా స్నేహితుల పడవ బతికింది కానీ, అది తెలిసేదాకా రెండు రోజులు వాళ్లు పడ్డ బాధ కళ్లారా చూశాను. "ప్రాణం లేని వస్తువు కోసం కూడా మళ్లీ అలా ఎదురుచూడలేనండీ" అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తన చేతులు నా చేతుల్లో పెట్టారు. మంచుగడ్డల్లా ఉన్నాయి. గుండెకి వేసుకునే మాత్రల వల్ల వేళ్లు చల్లబడతాయట. చలిలో మోకు పట్టుకుంటే పట్టు చిక్కడం లేదట. కిందటి అక్టోబరులో ఒకసారి మోకు చెయ్యి జారితే, గాలి ఎక్కువయిందని నాతో అబద్ధమాడారట. "వెచ్చగా ఉంటే చేతులు మాట వింటాయి. ఇంకా ఎన్ని వేసవులు చేస్తానో తెలియదు కదోయ్" అన్నారు.

డాక్టరయి ఉండీ ఏడాది పాటు కట్టుకున్నదానికి చెప్పలేదు! కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నేను ఎండ గురించి లెక్కలు వేస్తుంటే, ఆయన వేళ్ల గురించి మాట్లాడుతున్నారు. నా పుస్తకంలో ఆ గడే లేదు.

ఆ రాత్రి ఏదీ తేల్చుకోలేదు. ముందు పడవని కాదు, మనల్ని పంపించి చూద్దాం అనుకున్నాం. 2024 జూన్‌లో లెఫ్కాదలో రెండు వారాలకి పడవ అద్దెకి తీసుకున్నాం. దానికి నడిపేవాళ్లు అర్హత పత్రం చూపించాలి, పని తెలిసిన రెండో మనిషీ ఉండాలి. ఆ రెండో మనిషిని నేనేనండోయ్! ఇన్నాళ్లూ కుక్కరు పెట్టడమే కాదు, చుక్కాని పట్టడమూ నేర్చుకున్నాను.

నిజం చెప్పాలంటే ఆ రెండు వారాలూ స్వర్గం. పొట్టి చేతుల చొక్కాతో ఆయన మోకులు లాగుతుంటే పదేళ్లు వెనక్కి వెళ్లినట్టుంది. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి నేను మాత్రం నీడ వెతుక్కునేదాన్ని. చిన్నప్పుడంతా "ఎండలో తిరక్కే, నల్లబడతావు" అని లోపలికి లాగిన అమ్మకి, ఎండ కోసం విమానం ఎక్కానని చెప్పడానికి సిగ్గేసింది. ఇంకొకటి కూడా గమనించాను. పదో రోజు నుంచీ ఈయన రోజూ పొద్దున్నే సోలెంట్‌లో గాలి ఎలా ఉందో ఫోనులో చూసుకుంటున్నారు. చివరి రోజు పడవ తాళం యజమానికి ఇచ్చేసి, విమానంలో కూర్చోగానే నిద్రపోయారు. అదే మా పడవయి ఉంటే, తాడు సరిగ్గా కట్టామా, పంపు ఆపామా అని దారంతా గొణుక్కునేవారు.

ఇంటికి వచ్చాక తేల్చుకున్నాం. పడవ ఇక్కడే. ఎండ మాత్రం ఏడాదికి రెండు వారాలు అద్దెకి. పడవని గ్రీసు చేర్చడానికి అయ్యే డబ్బులో కొంత పెట్టి పడవలో డీజిలు హీటరు బిగించాం. దాంతోపాటు విషవాయువు కనిపెట్టే అలారం కూడా పెట్టించాను, అది లేకుండా హీటరు వద్దన్నాను. వెనకవైపు కూర్చునే చోట గుడ్డతో గుడారంలా కప్పించాం. చలి రోజుల్లో మోకు పని నాది, చుక్కాని ఆయనది.

మా స్నేహితులు చేసింది తప్పని కాదు. వాళ్లకి ఇక్కడ మనవళ్లు లేరు, ఎదురుచూసే తల్లులు లేరు, ఒకసారి వెళితే రెండున్నర నెలలు ఉండి వస్తారు. వాళ్లకి అదే సరి. మాకు శనివారం పొద్దున్న లేచి, మబ్బు విడిచిందనిపిస్తే పదకొండింటికల్లా పడవలో ఉండగలగడం కావాలి. ఎన్ని రోజులు ఎండ కాస్తుందో కాదు, కాసిన రోజున మనం అక్కడ ఉండగలమా అన్నది చూసుకోవాలని మాకు తెలిసింది.

మీలో ఎవరయినా ఊళ్లో ఇల్లు కట్టి తాళం పెట్టారా? పిల్లలున్న ఊళ్లో ఫ్లాటు కొని, ఏడాదికోసారి బూజు దులపడానికి వెళుతున్నారా? అమ్మమని నేను చెప్పను. లెక్క వేసుకునే ముందు మాత్రం, అది కావాలన్న మనిషి చేతులు ఒకసారి పట్టుకుని చూడండి. అసలు సంగతి పుస్తకంలో ఉండకపోవచ్చు.

పడవ ఇక్కడే ఉంచుకున్నామని చెబితే అమ్మ సంతోషించింది. "ఎండకి అద్దె కడుతున్నారన్నది మాత్రం ఊళ్లో ఎవరితోనూ అనకు. ఈసారి మే నెలలో రండి, మన డాబా మీద ఉత్తపుణ్యానికే ఇస్తాను" అంది.