వెయిటింగ్ లిస్టు

ఇంటిపేర్ల మీద రాస్తానని పోయినసారి మాటిచ్చిన. అది వచ్చే వారం. ఈ లోపల మా తమ్ముడి ట్రాలీ ఆటో పంచాయితీ ఒకటి వచ్చిపడింది. స్టూడెంట్లు ముఖ్యంగా చదవాలి, రేపు మీ ఇండ్లల్ల కూడా ఇదే జరుగుతది.

మాది కందుకూరు. ఇక్కడ మా వాళ్ల చేతుల్లో ఉన్నది అసైన్డ్ భూమి. ఫార్మాసిటీ పేరు మీద భూములు తీసుకున్నప్పుడు పట్టా భూమికి ఒక రేటు, అసైన్డ్ భూమికి అంతకన్న తక్కువ రేటు. మా తమ్ముడు ఆ పైసల్లో మిగిలిన దాంతో, కూరగాయలు సిటీకి తోలుకుందామని ట్రాలీ బుక్ చేసిండు. డిసెంబర్ మొదటి వారంలో కొటేషన్ ఇచ్చిన్రు, ఆన్‌రోడ్ 3,12,000. డౌన్ పేమెంట్ 60,000 కట్టిండు, ఫైనాన్స్ కూడా పాసయ్యింది. సేల్స్ పిలగాడు ‘15 రోజుల్లో పక్కా’ అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టిండు. ఆ ఒక్క మెసేజే తర్వాత మమ్మల్ని కాపాడింది.

జనవరి రెండో వారంలో ఫోనొచ్చింది. బండి వచ్చింది, రేటు పెరిగింది, ఇంకో 14,000 కట్టి తీసుకపొమ్మన్నరు. తమ్ముడు నాకు ఫోన్ జేసి, ‘అన్నా, నేనడిగితే ఇంటలేరు. నువ్వొక్కసారి జర రా’ అన్నడు.

పోయిన. శ్రీశైలం రోడ్డు మీద, సిటీ అంచున షోరూం. మేనేజర్ నాతో ‘మీరు’, తమ్ముడితో ‘నువ్వు’. ఇద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టినోళ్లమే, ఒకే మనిషి ఒకే టేబుల్ దగ్గర మాట్లాడుతున్నడు. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసిన పాపానికి నా చెవి సర్వనామాల దగ్గరే ఆగుతది. ఆయన ఆర్డర్ ఫారం తీసి వెనుక పేజీ చూపించిండు. సన్నటి ఇంగ్లిష్‌లో, డెలివరీ రోజు ఉన్న ధరే వర్తిస్తుందని అచ్చేసి ఉంది. కింద తమ్ముడి సంతకం.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలె. ఆ షరతు తీసిపారేసేది కాదు. కంపెనీలు జనవరిలో రేట్లు పెంచుడు కొత్త కాదు. పన్నే మారితే ఇంకో లెక్క. సరుకుల విక్రయ చట్టం, 1930లోని 64ఎ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఆ తేడా కొనేవాడి మీదికే వస్తది. పన్ను తగ్గితే లాభం కూడా కొనేవాడిదే. 2025 సెప్టెంబర్ 22న త్రీవీలర్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు, అంతకుముందే బుక్ చేసి ఆ తర్వాత బండి తీసుకునేటోళ్లు అడగాల్సింది ఈ సెక్షనే. మాది మాత్రం పన్ను కాదు, కంపెనీ పెంపు.

అయితే మా ప్రశ్న రేటు ఎందుకు పెరిగిందని కాదు. 15 రోజులన్న బండి ఐదు వారాలు ఎక్కడికి పోయిందని. ఆ షోరూం వాళ్లు ప్రతి డెలివరీకి దండేసి, కొబ్బరికాయ కొట్టించి ఫొటో స్టేటస్ పెడతరు. తమ్ముడు రోజూ ఆ ఫొటోలు చూసి స్క్రీన్‌షాట్లు తీసి దాచుకున్నడు. అందులో ఒకాయన మాకు తెలిసినాయనే. మాకన్నా వారం తర్వాత బుక్ చేసిండు, డిసెంబర్‌లనే పాత రేటుకు తీసుకపోయిండు.

కులం చూసి ఆపిన్రని నేను రుజువు చేయలేను. అక్కడ ఎవరూ మా కులం అడగలేదు. కానీ మేనేజర్‌కు ఎవరి ఫోన్ పోతది, ఎవరి మామ ఎవరికి తెలుసు, ఎవరు గట్టిగ అడగకుండ ఇంటికి పోతరు అనేది ఎట్ల తయారైతదో మీకు చెప్పాల్నా?

1901లో చిన్న భీమ్‌రావు, అన్న, మేనల్లుడు మసూర్ స్టేషన్‌లో దిగి కోరేగావ్ పోవాలె. మహార్ పిల్లలని తెలిసి బండోళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి, పైగా బండి వాళ్లే తోలుకోవాలె, బండివాడు పక్కన నడుస్తడు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో బాబాసాహెబ్ స్వయంగా రాసుకున్నడు. షోరూంలో కూసున్నంతసేపు నాకు ఆ రెట్టింపు కిరాయే యాదికొచ్చింది.

ఇంకో ట్రాక్టర్ కథ ఉంది. ఓంప్రకాష్ అనే రైతు హర్యానా ఆగ్రో ఇండస్ట్రీస్‌కు డబ్బు కట్టి ట్రాక్టర్ కోసం ఎదురుచూసిండు. బండ్లు వేరేవాళ్లకు పోయినయి, ఈ లోపల రేటు పెరిగింది, తేడా కట్టమన్నరు. అట్లా ఆపి, పెరిగిన ధర కొనేవాడి మీద వేయడం తప్పని 1994లో సుప్రీంకోర్టు తేల్చింది. నేను ఆ కేసు పేరు చెప్పంగనే మేనేజర్ ‘మీది కమర్షియల్ బండి సార్, కన్స్యూమర్ కోర్టుల నడవదు’ అన్నడు. చాలామంది ఇక్కడే లేచి వస్తరు. బతుకుదెరువు కోసం తానే నడుపుకునేటోడు 2019 చట్టం ప్రకారం కూడా వినియోగదారుడే. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేండ్ల లోపల మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 1915కు ఫోన్ చేసి కూడా ఫిర్యాదు చెప్పుకోవచ్చు.

బుకింగ్ తేదీల వరుసలో ఎవరికి ఏ రోజు బండి ఇచ్చిన్రో రాతపూర్వకంగా ఇవ్వుమని లెటర్ పెట్టిన. స్క్రీన్‌షాట్లు జత చేసిన. నాలుగో రోజు ఫోనొచ్చింది. ‘మీరు లెక్చరర్ కాబట్టి మీ కోసం అడ్జస్ట్ చేస్తున్నం సార్.’ పాత రేటే ఇన్వాయిస్‌ల రాయమన్న. రాయలేదు. కొత్త రేటు రాసి, కింద ‘స్పెషల్ డిస్కౌంట్ 14,000’ అని పెట్టిన్రు. మా హక్కు ఆయన దయగా మారింది. నేను ఇంకా కొట్లాడుదునే, కానీ తమ్ముడు ‘ఇగ చాలన్నా, కిస్తీ మొదలైతది’ అని సంతకం పెట్టిండు. దండ మాత్రం వేసుకోలేదు, ఫొటో దిగలేదు.

బయటికి వస్తుంటే, గేటు దగ్గర ఒక తండా పిలగాడు నిలబడి ఉన్నడు. అతనిదీ అదే మోడల్, అదే డిసెంబర్ బుకింగ్, పెరిగిన రేటు అంతకు ముందు రోజే కట్టేసిండు. ‘మీకెట్ల తగ్గించిన్రన్నా?’ అని అడిగిండు. నా దగ్గర సమాధానం లేదు. లోపల కూసున్నప్పుడు మా ఒక్క బండి గురించే మాట్లాడిన గదా.

రోడ్డు మీద చాయ్ హోటల్ల కూసొని, అతని పేరు మీద అదే లెటర్ తెలుగులో రాసిన. స్పీడ్ పోస్టులో పంపినం. ఇయ్యాలటికి పన్నెండు రోజులు, జవాబు రాలేదు. నెల దాటితే జిల్లా కమిషన్‌లో వేస్తున్నం. అతనితో తమ్ముడు కూడా వస్తనన్నడు, స్క్రీన్‌షాట్లు అతని ఫోన్లనే ఉన్నయి.